ముందొచ్చినా తప్పే

మా మొదటి ర్యాలీ సీజన్ అయిపోయి మూడు వారాలైంది. హెల్మెట్ ఇంకా మంచం పక్కనే ఉంది, తీసి లోపల పెట్టబుద్ధి కావట్లేదు. నిద్రలో "రైట్ ఫోర్, క్రెస్ట్" అని గొణుగుతున్నానట, అమ్మ చెప్పింది. ఇదంతా మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా, వచ్చే ఏడాది ఎవరైనా కొత్తగా మొదలుపెడితే వాళ్లకీ కాస్త పనికొస్తుంది.

కారు నడిపేది అన్నయ్య, పక్క సీట్లో కూర్చుని నోట్స్ చదివేది నేను. సర్వీస్‌లో ముగ్గురు, అందరూ అన్నయ్య ఫ్రెండ్సే. ఒకతను ఇంజిన్ చూసుకుంటాడు, ఇంకొకతను సస్పెన్షన్, చక్రాలు, మూడో అతను జాకీ ఎత్తడం దగ్గర్నుంచి పెట్రోల్ లెక్క దాకా మిగతావన్నీ. ఎవరికీ ఇది ఉద్యోగం కాదు, అందరం పనులు ముగించుకుని సాయంత్రాలు, సెలవు రోజులు దీనికి పెట్టినవాళ్లమే. కారు ఒక పాత 1600 సీసీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. ఐదు రౌండ్లు, అంటే ఐదు ర్యాలీలు వేశాం, మూడిట్లో ఫినిష్ చేశాం, రెండిట్లో కారు ట్రైలర్ ఎక్కి వచ్చింది.

అందరూ అడిగేది ఒకటే, ఎంత స్పీడ్‌లో వెళ్లారు అని. అన్నయ్య బాగానే నడుపుతాడు, స్పీడ్ గురించి నాకు దిగులు లేదు. సీజన్ మొత్తం లెక్క వేసి చూస్తే మేం పోగొట్టుకున్న టైమ్‌లో ఎక్కువ భాగం నా సీట్లో పోయింది, నా నోట్లో, నా చేతిలో ఉన్న టైమ్ కార్డ్ మీద పోయింది. అందుకే ఇది పక్క సీటు గురించి రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ర్యాలీ అంటే సర్క్యూట్‌లో అందరూ ఒకేసారి పరిగెత్తేది కాదు, ఒక్కో కారుని నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున వదులుతారు, మూసేసిన రోడ్డు మీద గడియారంతో పోటీ. దాన్ని స్పెషల్ స్టేజ్ అంటారు. ఒక స్టేజ్ నించి ఇంకో స్టేజ్‌కి మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్‌లో, మామూలు రూల్స్‌తో వెళ్లాలి, అది లీయజాన్. స్టేజ్ టైమ్‌లన్నీ కలిపి, పెనాల్టీలు దానికి కూడితే ఎవరిది తక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు. ఈ పెనాల్టీల దగ్గరికి తర్వాత వస్తా.

కారు తయారు చెయ్యడం గురించి రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది కాబట్టి ఒక్క విషయం చెప్తా. రోల్ కేజ్ అంటే కారు బోల్తా పడినా మనం నలగకుండా లోపల వేసే పైపుల చట్రం, దాని మీద మా సస్పెన్షన్ అతను ఎంత పట్టుదలగా ఉన్నాడంటే సీట్ల వెనకొచ్చే మెయిన్ హూప్ పైపు 45 మి.మీ. లావు, 2.5 మి.మీ. గోడ మందం అని ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ రూల్‌లో ఉంటే వెర్నియర్ పట్టుకుని మూడు చోట్ల కొలిచాకే వెల్డింగ్‌కి ఒప్పుకున్నాడు. అంత జాగ్రత్తపడ్డాం, తీరా మొదటి రౌండ్ స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు చేసే కారు తనిఖీలో, దొరికిపోయింది సీట్ బెల్టుల దగ్గర. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి, కానీ బెల్ట్ మీద ఒక చిన్న లేబుల్ ఉంటుంది, ఫలానా సంవత్సరం తర్వాత చెల్లదు అని. ఆ సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది. బట్ట ఎండకి, వాడకానికి లోపల్లోపల బలం పోగొట్టుకుంటుంది, పైకి కనపడదు, అందుకే తేదీ. స్క్రూటినీర్ కోప్పడలేదు, లేబుల్ మీద వేలు పెట్టి చూపించి తల అడ్డంగా ఊపారు అంతే. మాకు కాళ్లు చల్లబడ్డాయి. అప్పుడు మా క్లాస్‌లోనే, అంటే మాలాంటి కార్ల గ్రూపులోనే, పోటీ పడుతున్న ఇంకో టీమ్ వాళ్లు వచ్చి, మా దగ్గర స్పేర్ సెట్ ఉంది పెట్టుకోండి అన్నారు. మమ్మల్ని అంతకుముందు చూసింది కూడా లేదు. మర్నాడు మమ్మల్ని ఓడించాల్సిన మనుషులు ముందురోజు రాత్రి టార్చ్ పట్టుకుని మాతో పాటు బోల్టులు బిగించారు. ఈ ఆట మీద నాకు ప్రేమ ఆ రాత్రే కుదిరింది.

ఇక నోట్స్. ర్యాలీకి ముందు రెకీ అని ఉంటుంది, మామూలు కారులో, పరిమిత స్పీడ్‌లో, ఒక్కో స్టేజ్‌ని మామూలుగా రెండుసార్లు చూడనిస్తారు. మొదటిసారి అన్నయ్య చెప్తాడు నేను రాస్తా, రెండోసారి నేను చదువుతా అన్నయ్య సరిచేస్తాడు. మలుపుకి ఒకటి నించి ఆరు దాకా నంబర్, ఒకటంటే దాదాపు వెనక్కి తిరిగినంత, ఆరంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా పోవచ్చు. మలుపుకీ మలుపుకీ మధ్య దూరం మీటర్లలో. దాని పక్కన చిన్న మాటలు, టైట్ అవుతుంది, ఓపెన్ అవుతుంది, క్రెస్ట్ (అవతల ఏముందో కనపడని మిట్ట), జంప్, మలుపు లోపలి అంచు మీదుగా కట్ చెయ్యొద్దు.

మొదట్లో మేం మొత్తం తెలుగులోనే చేద్దాం అనుకున్నాం. ఎందుకు కాకూడదు, ఇంట్లో మాట్లాడేది తెలుగే, మెదడుకి వేగంగా చేరేదీ అదే. ఒక సాయంత్రం ఇంజిన్ ఆన్ చేసి, ఇంటర్‌కామ్ పెట్టుకుని, పక్కన ఒకతన్ని డబ్బా మీద సుత్తితో కొట్టమని చదివి చూశాం. "ఎడమ రెండు" అంటే అన్నయ్యకి "మూడు" అని వినిపించింది. మళ్లీ "మూడు" అంటే "రెండా?" అన్నాడు. రెండు, మూడు రెండూ "డు"తోనే అయిపోతాయి, చప్పుడులో మొదటి అక్షరం వినపడకపోతే మిగిలేది ఆ "డు" ఒక్కటే. రెండుకీ మూడుకీ తేడా అంటే కారు రోడ్డు మీద ఉండటానికీ చెట్లలో ఉండటానికీ తేడా. అందుకని నంబర్లు, లెఫ్ట్, రైట్ ఇంగ్లీషులోకి మార్చేశాం. కానీ ప్రమాదం మాటలు మాత్రం తెలుగులోనే ఉంచాం. "లోపల రాయి". "గుంట". "బురద". "కొయ్యొద్దు". మిగతా అంతా ఒక వరసలో పోతూ ఉంటే మధ్యలో ఒక తెలుగు మాట పడగానే అన్నయ్య భుజాలు మారిపోతాయి, నాకు పక్కనుంచి కనిపిస్తుంది. ఇది ఎవరూ చెప్పలేదు, మాకు మేం కనుక్కున్నాం, అందుకే దీనంటే నాకు అంత ఇష్టం.

మొదటి రౌండ్, మొదటి స్టేజ్. గుండె ఎక్కడ కొట్టుకుంటుందో తెలియట్లేదు, ఐదు, నాలుగు, మూడు అని వేళ్లు మడుస్తున్నారు. కారు కదిలింది, నేను చదవడం మొదలుపెట్టా, మూడో మలుపుకే వెనకబడిపోయా. నేను రాసిన నోట్స్‌లో అన్నీ ఉన్నాయి, పక్కన గేటు ఉంది, తెల్ల రాయి ఉంది, చెట్టు వంగి ఉంది, రోడ్డు కొంచెం వాలుగా ఉంది. రెకీలో 40, 50లో పోతుంటే అవన్నీ చెప్పడానికి టైమ్ ఉంది. 90లో పోతుంటే సెకనుకి 25 మీటర్లు, అంటే వంద మీటర్ల స్ట్రెయిట్ నాలుగు సెకన్లలో అయిపోతుంది. ఆ నాలుగు సెకన్లలో నేను చెట్టు గురించి చెప్తున్నా, అన్నయ్య అప్పటికే ఆ మలుపు తిరిగేశాడు, తర్వాతి మలుపు కళ్లతో చూసి నడుపుతున్నాడు. స్టేజ్ అయ్యాక అన్నయ్య ఏమీ అనలేదు. నీళ్లు తాగి, "కొంచెం తక్కువ మాట్లాడు" అన్నాడంతే. క్లాస్‌లో చివర్నించి రెండో స్థానంలో ఫినిష్ చేశాం. ఫినిష్ చేశాం అన్న ఆనందంలో ఆ రాత్రి ఎవరూ స్థానం సంగతి పట్టించుకోలేదు, నేను తప్ప.

అప్పుడే నేను 1955 మిల్లె మిల్యా రేస్ గురించి చదివా. స్టిర్లింగ్ మాస్ డ్రైవర్, డెనిస్ జెన్కిన్‌సన్ అనే జర్నలిస్ట్ పక్క సీటు. ఇటలీ రోడ్ల మీద దాదాపు 1,600 కిలోమీటర్లు. జెన్కిన్‌సన్ రోడ్డంతా ముందే తిరిగి చూసి, నోట్స్‌ని ఐదు మీటర్ల పైన పొడవున్న ఒక కాగితపు చుట్ట మీద రాసుకుని, దాన్ని కిటికీ ఉన్న చిన్న డబ్బాలో పెట్టి తిప్పుకుంటూ చదివాడు. పైకప్పు లేని మెర్సిడెస్, ఆ హోరులో మాట వినపడదు, అందుకని చెప్పాల్సిందంతా చేతి సైగలతోనే చెప్పాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో గెలిచారు, సగటున గంటకి 157 కిలోమీటర్లు. కారు నంబర్ 722, అంటే ఉదయం 7:22కి బయల్దేరారని. ఇది చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయా. పదహారు వందల కిలోమీటర్లకి ఆ మనిషికి సరిపోయింది కొన్ని సైగలు, నాకేమో పది కిలోమీటర్ల స్టేజ్‌కి గేట్లూ చెట్లూ కావాల్సొచ్చాయి. ఆ రాత్రే నోట్‌బుక్ తీసి ఎర్ర పెన్నుతో కొట్టెయ్యడం మొదలుపెట్టా. అన్నయ్య స్టీరింగ్ గానీ బ్రేక్ గానీ మార్చుకోవాల్సిన అవసరం లేని మాట ఏదైనా సరే పోవాల్సిందే. సగం పైన పోయాయి.

రెండో రౌండ్‌లో నోట్స్ బాగా కుదిరాయి. అసలు దెబ్బ వేరే చోట తగిలింది.

టైమ్ కార్డ్ అని ఒకటి ఉంటుంది, చిన్న అట్ట, అది నా ఒళ్లోంచి కదలదు. ప్రతి లీయజాన్‌కీ ఇన్ని నిమిషాలు అని ఇస్తారు, స్టేజ్ స్టార్ట్ టైమ్‌కి ఆ నిమిషాలు కూడితే తర్వాతి టైమ్ కంట్రోల్‌లో, అంటే మన టైమ్ రాసే చోట, మనం కార్డ్ ఇవ్వాల్సిన నిమిషం వస్తుంది. ముందు పసుపు బోర్డు, దాని తర్వాత ఎర్ర బోర్డు, ఎర్ర బోర్డు దగ్గర గడియారం. ఆలస్యమైతే నిమిషానికి 10 సెకన్ల పెనాల్టీ. ముందే ఇచ్చేస్తే? నిమిషానికి నిమిషం. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, ముందు రావడం తప్పేంటని. కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది, లీయజాన్ మామూలు జనం తిరిగే రోడ్డు. అక్కడ తొందరపడినవాడికి లాభం ఉండకూడదు, నష్టమే ఎక్కువ ఉండాలి.

మాకు ఆ స్టేజ్ స్టార్ట్ 10:48. లీయజాన్ 25 నిమిషాలు. పదకొండు గంటలకి 12 నిమిషాలు, మిగిలింది 13, కాబట్టి 11:13. నా బుర్రలో మాత్రం ఆ 12 ఉండిపోయింది, కార్డ్ మీద పెన్సిల్‌తో 11:12 అని రాసుకున్నా. స్టేజ్ అద్భుతంగా పోయింది, అన్నయ్య క్లాస్‌లో ఎప్పుడూ లేనంత బాగా నడిపాడు, ఆ ఊపులో ఉన్నాం ఇద్దరం. కంట్రోల్ దగ్గర నా గడియారం 11:12 అవ్వగానే కార్డ్ చాపేశా. మార్షల్ దాన్ని తీసుకుని ఒక్క క్షణం నా మొహం చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. కార్డ్ చేతికిచ్చాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు, ఆయన అదే నిమిషం రాయాలి, రాశారు. ఒక నిమిషం పెనాల్టీ. అదే ఒక నిమిషం ఆలస్యంగా ఇచ్చి ఉంటే 10 సెకన్లతో పోయేది.

క్లాస్‌లో నాలుగో స్థానం వచ్చింది. మూడో స్థానానికి తేడా 41 సెకన్లు. కూడిక, తీసివేత నేను చెప్పక్కర్లేదు. ఐదుగురు నెలల తరబడి రాత్రులు కూర్చుని కారుని సెకనూ సెకనూ వేగంగా చేస్తే నేను పెన్సిల్‌తో అరవై పారేశా. ట్రైలర్ వెనక కూర్చుని ఏడ్చా. ఇంజిన్ అతను వచ్చి పక్కన కూర్చుని, "అమ్మా, నేను ప్రాక్టీస్‌లో ఆయిల్ క్యాప్ పెట్టడం మర్చిపోయింది గుర్తుందా" అన్నాడు. అంతకుమించి ఏమీ అనకుండా చాలాసేపటిదాకా అలాగే ఉన్నాడు.

మూడో రౌండ్ గురించి పెద్దగా చెప్పేది లేదు. చివరి స్టేజ్‌లో, ఇంకో రెండు కిలోమీటర్లుందనగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ ఊడిపోయింది, చక్రం పక్కకి పడుకుంది, అయిపోయింది. 1998లో బ్రిటన్ ర్యాలీ చివరి స్టేజ్‌లో ఫినిష్‌కి కొన్ని వందల మీటర్ల ముందు కార్లోస్ సైన్స్ టొయోటా ఇంజిన్ ఆగిపోయి వరల్డ్ టైటిల్ టోమీ మాకినెన్‌కి పోయింది కదా, అన్నయ్య ఆ వీడియో చిన్నప్పట్నించీ వందసార్లు చూసుంటాడు. ఆ రోజు కారు దిగి చక్రం వైపు చూస్తూ, "సైన్స్‌కి వరల్డ్ టైటిల్ పోయింది, మనకి బాల్ జాయింట్ పోయింది, పద" అన్నాడు. గొంతు మాత్రం బాగోలేదు.

నాలుగోది రాయడం నాకు కష్టం. ముందు వెళ్లిన కారు దుమ్ము గాలి లేక అలాగే రోడ్డు మీద నిలబడిపోయింది, అన్నయ్యకి బానెట్ తప్ప ఏమీ కనపడట్లేదు, పూర్తిగా నా గొంతు మీద నడుపుతున్నాడు. అలాంటప్పుడు చదివేవాళ్లు ఇంకా ముందుగా చదవాలి. నేను పేజీ తిప్పేటప్పుడు రెండు పేజీలు కలిసి వచ్చాయి. చెమట చేతులు, గ్లవ్స్ వేసుకోను నేను, కాగితం అంటుకుంది. విడదీసి చూసేసరికి ఒక సెకను, ఒకటిన్నర. "క్రెస్ట్, లెఫ్ట్ త్రీ టైట్" అని నేనన్నప్పుడు మేం ఆ క్రెస్ట్ మీదే ఉన్నాం. దిగేసరికి రోడ్డు ఎడమకి పోతోంది, మేం నేరుగా పోతున్నాం. కారు గట్టు దిగి పక్కకి ఒరిగి కాలవలో పడింది. నా వైపు కిందకి.

ఇంజిన్ ఆగిపోయాక ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. అన్నయ్య మొదటి మాట, "నీకేం కాలేదు కదా?" నేను ఏమీ కాలేదంటే మళ్లీ అడిగాడు. తర్వాత చెయ్యాల్సినవి చేతులే చేసుకుపోయాయి, మెయిన్ స్విచ్ ఆఫ్, బెల్ట్ తీసేముందు ఒక చేత్తో కేజ్ పట్టుకోవడం, పై డోర్ లోంచి బయటికి, హెచ్చరిక త్రికోణం తీసుకుని కారుకి 50 మీటర్ల వెనక్కి పరిగెత్తి పెట్టడం, ఓకే బోర్డు ఎత్తి పట్టుకోవడం. ప్రతి కారులోనూ ఒక బోర్డు ఉంటుంది, ఒక వైపు ఎర్రగా ఎస్ఓఎస్, రెండో వైపు ఓకే. ఎర్ర వైపు చూస్తే వెనకొచ్చే కారు ఎంత ముందంజలో ఉన్నా ఆగి తీరాలి. ఓకే చూపిస్తే వాళ్లు పోవచ్చు. దుమ్ములోంచి తర్వాతి కారు వచ్చింది, మాకు బెల్టులిచ్చిన వాళ్లదే, స్లో చేసి కిటికీలోంచి బొటనవేలు ఎత్తి ప్రశ్నగా చూశారు, నేను బోర్డు ఇంకా పైకెత్తి ఊపా. అప్పుడు గానీ పోలేదు. వాళ్లకి నాలుగైదు సెకన్లు పోయుంటాయి.

ఆ తర్వాత నెల రోజులు నేను వేరే పని పెట్టుకోలేదు. కారులో కెమెరా ఉంది కదా, ఆ రికార్డింగులన్నీ పెట్టుకుని, నేను మలుపు పేరు చెప్పిన క్షణానికీ అన్నయ్య బ్రేక్ తొక్కిన క్షణానికీ మధ్య ఎంతుందో ఒక్కో మలుపుకీ రాసుకున్నా. మొదటి రౌండ్‌లో ఒక సెకను కూడా లేని చోట్లు బోలెడు. బాగా కుదిరిన చోట్ల రెండు, రెండున్నర ఉంది. మరీ ముందు చెప్పినా పనికిరాదు, అన్నయ్య బుర్రలో వరస తప్పుతుంది. రాత్రి భోజనాలయ్యాక అన్నయ్యని కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చోమని చదివేదాన్ని, ఖాళీ చేతులతో స్టీరింగ్ తిప్పేవాడు, కాళ్లు కదిలేవి. పేజీ చివరి లైన్‌ని తర్వాతి పేజీ మొదట్లో మళ్లీ రాయడం మొదలుపెట్టా, పేజీల మూలలు మెట్లలా కత్తిరించా, రెండు కలిసి రాకుండా. 1981లో సాన్‌రెమోలో మిషెల్ మౌటన్ వరల్డ్ ర్యాలీ గెలిచిన మొదటి ఆడమనిషి అయినప్పుడు పక్క సీట్లో ఫాబ్రిజియా పోన్స్ ఉంది. ఫోటోల్లో అందరూ మౌటన్‌ని చూస్తారు, నేను పోన్స్ చేతుల్ని వెతుక్కునేదాన్ని, పుస్తకం ఎలా పట్టుకుందా అని.

చివరి రౌండ్‌కి వచ్చేసరికి కారు కూడా మాట వింటోంది. 20 నిమిషాల సర్వీస్‌లో మా ముగ్గురూ ఒక్క మాట లేకుండా పని చేశారు, సస్పెన్షన్ అతను ప్రతి హబ్ మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు, ఒకటి మిగతా మూడింటికన్నా వేడిగా ఉంటే బేరింగ్ పోతున్నట్టు. అన్ని నట్లూ టార్క్ రెంచ్‌తో బిగించి ఒక్కోదాని మీద పసుపు పెన్నుతో గీత పెట్టాడు. ఆఖరి స్టేజ్ మధ్యలో "లెఫ్ట్ ఫైవ్, లోపల రాయి" అన్నా, అన్నయ్య ఒక జానెడు బయటికి జరిగాడు, నేను పక్కకి చూడలేదు గానీ నా డోర్ కింద నించి రాయి పోవడం తెలిసింది. ముందు కార్లు రోడ్డులోకి లాగేసిన రాయి అది, రెకీలో చూసినప్పుడు గట్టు మీదుంది. లాగుతారని ముందే రాసుకున్నా.

స్టేజ్ స్టార్ట్ 16:26. ఆఖరి కంట్రోల్‌కి 32 నిమిషాలు. 16:58. వేళ్ల మీద లెక్కపెట్టా, పెన్సిల్‌తో లెక్కపెట్టా, అన్నయ్యని కూడా లెక్కపెట్టమన్నా. ఆఖరి కంట్రోల్‌కి ముందొచ్చినా పెనాల్టీ లేదని కొన్ని ర్యాలీల రూల్ బుక్‌లో రాస్తారు, ఇక్కడ అలా రాయలేదు, రెండుసార్లు చదివా. పసుపు బోర్డుకి ముందు రోడ్డు పక్కన ఆపుకున్నాం, అప్పటికి 16:54. అన్నయ్య ఇంజిన్ ఆపేశాడు. క్లాస్‌లో మూడో స్థానం అని సర్వీస్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు, ఎనిమిది సెకన్ల తేడా. ఎగ్జాస్ట్ చల్లారుతూ టిక్ టిక్ అంటోంది.

"ఇప్పుడా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకా లేదు."

16:57కి పసుపు బోర్డు దాటి మెల్లగా ఎర్ర బోర్డు దాకా వెళ్లి ఆగాం. మార్షల్ చెయ్యి చాపారు. నేను కార్డ్‌ని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని గడియారం వైపే చూస్తున్నా. 16:57:40. యాభై. యాభై ఐదు. 16:58 పడ్డాక ఇంకో పది సెకన్లు ఆగి, అప్పుడిచ్చా.